34 ఏళ్లు, రిపోర్టు బాగుంది, ఇంకో రెండేళ్లు ఆగొచ్చా?

ప్రశ్న: మేడమ్, నాకు 34, మా వారికి 38. ఇంటి లోను, నా ప్రమోషను ఒక కొలిక్కి వచ్చాక 36లో పిల్లల సంగతి చూద్దాం అనుకున్నాం. ఈమధ్య ఏఎంహెచ్ టెస్టు చేయించుకుంటే రిపోర్టు బాగానే వచ్చింది, ఇంక కంగారేం లేదులే అంటున్నారు మా వారు. మా అత్తగారేమో ఇప్పటికే ఆలస్యమైపోయిందని ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తారు. మాకు ఇద్దరు పిల్లలు కావాలి. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ముందు ఆలస్యమైపోయిందన్న మాట మనసులోంచి తీసెయ్యండి, మీ వయసులో మొదటి కాన్పు అయ్యేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కానీ మీ వారు ఆ రిపోర్టుని అర్థం చేసుకున్న తీరు మాత్రం తప్పు. ఏఎంహెచ్ చెప్పేది అండాలు ఏమాత్రం మిగిలాయనే, అవి ఎంత బాగున్నాయో చెప్పదు. పుట్టినప్పుడే మన అండాలన్నీ మనలో ఉంటాయి, మీకు 34 అంటే మీ అండానికీ అంతే వయసు. వయసు పెరిగేకొద్దీ క్రోమోజోముల్లో తేడా ఉన్న అండాలు ఎక్కువవుతాయి, అబార్షన్లు పెరిగేది ఎక్కువగా అందుకే. నెలనెలా గర్భం నిలిచే అవకాశం 30లో సుమారు 20 శాతం ఉంటే 40కొచ్చేసరికి 5 శాతానికి అటూ ఇటూగా పడిపోతుంది.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఇద్దరు కావాలన్న మాట దగ్గర. 36లో మొదలుపెట్టారు, నిలవడానికి ఏడాది పట్టిందనుకోండి, బిడ్డ చేతికొచ్చేసరికి 38, కాన్పుకీ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం ఏడాదిన్నర ఉంటే మంచిది, అంటే రెండో బిడ్డ కోసం మీరు ప్రయత్నం మొదలుపెట్టేది 39 దాటాకే. ఒక్కరు చాలనుకుంటే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు, ఇద్దరంటే మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి, లోను ఎటూ నడుస్తూనే ఉంటుంది. ఐవీఎఫ్ ఉందిగా అంటారు చాలామంది, అదీ మీ అండంతోనే చెయ్యాలి కదమ్మా, అండం వయసుని అది తగ్గించలేదు. నిజంగా ఆగక తప్పదు అంటే అండాలు ఫ్రీజ్ చేయించడం ఇప్పుడే చెయ్యాలి, 38లో కాదు, అదైనా గ్యారంటీ ఏమీ ఇవ్వదు.

ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భానికి కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకోండి. 35 దాటాక ఆరు నెలలు ప్రయత్నించినా నిలవకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఏడాది ఆగకూడదు. వెళ్లేది ఇద్దరూ కలిసి, టెస్టులు మీ ఒక్కరికే చేస్తే సగం సంగతే తెలుస్తుంది.

ప్రశ్న: నాకు 43, సిగరెట్ అలవాటుంది. మగాళ్లకి వయసుతో పనిలేదంటారు, నిజమేనా?

జవాబు: నిజం కాదండి. 40 దాటిన మగవాళ్ల భార్యలకి గర్భం నిలవడానికి ఎక్కువ కాలం పట్టొచ్చు, అబార్షన్ రిస్కూ కొంచెం పెరుగుతుంది. కాకపోతే మీకున్న సౌకర్యం ఆడవాళ్లకి లేదు, వీర్యకణాలు దాదాపు రెండున్నర నెలలకి కొత్తవి తయారవుతాయి. సెమెన్ టెస్టు ఇప్పుడొకటి చేయించుకుని సిగరెట్ ఇవాళే మానేయండి, మూడు నెలలయ్యాక మళ్లీ చేయించి రెండు రిపోర్టులూ డాక్టరుకి చూపించండి.