చిన్న కోత బైపాస్‌కు నాళాలను కలిపే పరికరం ఉన్న ఆసుపత్రికే వెళ్లాలా?

మీ నాన్నగారికి పక్కటెముకల మధ్య చిన్న కోతతో బైపాస్ చేస్తామన్నారని, నాళాలను చేత్తో కుట్టకుండా పరికరంతో కలిపే ఆసుపత్రినే వెతకాలా అని మీరు అడిగారు. నేను వైద్యుణ్ని కాను. అయితే వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మా బాపుకు ఇదే ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగింది. ఈ పరికరం మాట పట్టుకొనే మేము పది రోజులు ఆలస్యం చేశాం కనుక, మాకు తెలిసివచ్చింది రాస్తున్నాను.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసే అబ్బాయి రంగుల కాగితమొకటి మా ముందు పరిచి, కుట్లు పాతకాలం పద్ధతి అని, క్లిప్పుల పరికరానికి అదనంగా కట్టాలని చెప్పాడు. రెండో అభిప్రాయం కోసం వెళ్లిన చోట సర్జన్ అదే కాగితాన్ని చూసి, బొమ్మ మీద పెన్ను ఆనించి, ఇది కాలి సిరను బృహద్ధమనికి, అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళానికి, అతికించే పరికరమనీ, మా బాపుకు అసలు అక్కడ అతుకే అవసరం లేదనీ అన్నారు. మా పది రోజుల తర్జనభర్జన ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఎందుకంటే, ఎడమ రొమ్ము కింద చిన్న కోతతో చేసే బైపాస్‌లో సాధారణంగా ఛాతీ లోపలి గోడ వెంట దిగే ఎడమ ధమనిని, అంటే లిమాను, పైన దాని మొదలు తెంపకుండానే కింది కొసను విడదీసి, గుండె ముందు భాగానికి రక్తమిచ్చే ఎల్ఏడీకి కలుపుతారు. పై కొస సహజంగానే అతికి ఉంటుంది కాబట్టి మిగిలేది ఒకే అతుకు. కాలి సిర వాడినప్పుడు మాత్రం ఒక కొస బృహద్ధమనికి, మరో కొస గుండె నాళానికి కలపాలి గనుక రెండు అతుకులవుతాయి.

పరికరాలు కూడా ఈ రెండు చోట్లకు వేర్వేరుగా వచ్చాయి. బృహద్ధమని వైపు వాడే సిమెట్రీ అనే కనెక్టర్‌కు (నిటినాల్ అనే మిశ్రమలోహంతో చేసింది) అమెరికాలో 2001లో అనుమతి లభించింది, కానీ దానితో కలిపిన సిరలు కొందరిలో సన్నబడి మూసుకుపోతున్నాయని తేలడంతో 2004లో మార్కెట్ నుంచి తప్పుకుంది. తర్వాత గుండె నాళం వైపు సన్నని స్టీలు క్లిప్పులతో కలిపే సీ-పోర్ట్ 2005లోను, బృహద్ధమని వైపు పాస్-పోర్ట్ 2008లోను అక్కడ అనుమతి పొందాయి. వీటి అవసరం ఎక్కువగా ఛాతీ తెరవకుండా, రంధ్రాల గుండా రోబో చేతులతో చేసేటప్పుడు కనబడేది. చెయ్యి దూరని చోట, కదిలే గుండె మీద, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల నాళానికి సూది తిప్పడం కష్టం. చిన్న కోతలో మాత్రం సర్జన్ నాళాన్ని నేరుగా చూస్తూ కుడతారు, కొట్టుకునే గుండెలో ఆ కాస్త చోటును స్టెబిలైజర్ అనే పట్టుకొయ్యతో కదలకుండా ఆపుతారు.

మా బాపుకు అలాగే, వెంట్రుక కన్నా సన్నని 8-0 ప్రోలిన్ దారంతో, భూతద్దాల కళ్లజోడు పెట్టుకొని కుట్టారు. ఆపరేషన్‌కు ముందు రోజు ఆయన సర్జన్‌ను "పడుగు పోగు తెగితే మేం చేత్తోటే అతుకుతం సారూ, మీరు గూడ అంతేనా?" అని అడిగితే, సర్జన్ నవ్వి, అంతే గాని మీ పోగు నెత్తురు కార్చదు కదా అన్నారు. నాకు ఆ జవాబు పరికరం కాగితం కన్నా ఎక్కువ ధైర్యమిచ్చింది.

కాబట్టి పరికరం కోసం ఆసుపత్రిని ఎంచుకోవద్దనే నేనంటాను. దాని బదులు, ఆ సర్జన్ చిన్న కోత బైపాస్‌లు ఏడాదికి ఎన్ని చేస్తారో, దారి మధ్యలో ఇబ్బంది వస్తే ఛాతీ ఎముక కోసే పద్ధతికి వెంటనే మారే ఏర్పాటు ఉందో లేదో అడగండి. నాన్నగారికి ఒకటి కన్నా ఎక్కువ నాళాల్లో అడ్డంకులుంటే, మిగిలినవి స్టెంటుతో తీరుస్తారా, అదే కోతలోంచి సిర కూడా వేస్తారా అన్నది ముందే తేల్చుకోండి. పరికరం ప్రశ్న నిజంగా వచ్చేది ఈ రెండో సందర్భంలోనే. ఆరోగ్యశ్రీ మీద చేయించుకుంటుంటే, పరికరానికి విడిగా డబ్బు అడుగుతారేమో ఆసుపత్రిలో ఆ పథకానికి సాయం చేసే ఆరోగ్యమిత్రను ముందుగానే అడిగి, కాగితం మీద రాయించుకోండి.

అతుకు వేశాక రక్తప్రవాహాన్ని ప్రోబ్‌తో కొలుస్తారా అని కూడా అడగండి. నిమిషానికి 20 మిల్లీలీటర్ల కన్నా తక్కువ ప్రవాహం, 5 దాటిన పల్సటిలిటీ ఇండెక్స్ (ప్రవాహం ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పే అంకె) కనిపిస్తే అతుకును మళ్లీ పరీక్షించాల్సి ఉంటుంది. చేత్తో కుట్టినా క్లిప్పుతో కలిపినా ఈ కొలతే అసలు సాక్ష్యం. మా డిశ్చార్జి కాగితంలో ఆ అంకెలు లేవు, అడిగితే రాసి ఇచ్చారు.

ఇంకొక విషయం ఎవరూ ముందుగా చెప్పరు. కోత చిన్నదైనా పక్కటెముకలను ఎడం చేస్తారు కాబట్టి మొదటి వారం నొప్పి బాగా ఉంటుంది, దగ్గినప్పుడు దిండు అదుముకోవాలి. బాపుకు ఎడమ రొమ్ము కింద చర్మం ఇప్పటికీ కొంత మొద్దుబారి ఉంది, మగ్గం గుంటలో కూర్చున్నప్పుడు మాత్రం అది గుర్తుకు రాదంటాడు.