రిజిస్టర్‌లో పేరు రాసేముందు

బుజ్జీ,

తవ్వకాల్లో దొరికిన వస్తువుల రిజిస్టర్ నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. ట్రెంచ్‌లో, అంటే తవ్వే గుంటలో, దిగేవాళ్ళకి వచ్చే గుర్తింపు ఈ పనికి రాదు గానీ, నువ్వు రాసిన పేరు సరిగ్గా లేకపోతే ఆ వస్తువు గోడౌన్‌లో ఉన్నా లేనట్టే.

కంటికి కనపడేది ఒక గడిలో రాయి, నువ్వు ఊహించేది ఇంకో గడిలో రాయి. కుండపెంకుని గుండ్రంగా అరగదీసి చిల్లు పెట్టిన బిళ్ళలు నీకు తరచూ తగులుతాయి. ఒకరు నూలు వడికే కదురుకి బరువుగా తొడిగే కదురుబిళ్ళ అంటారు, ఇంకొకరు బొమ్మబండి చక్రం అంటారు, చిల్లు లేకపోతే తొక్కుడుబిళ్ళ అనేస్తారు. ఇలా తలా ఒక పేరు రాసుకుంటూ పోతే, రేపెవరైనా ఈ ఊళ్ళో నూలు వడికారా అని వెతికినప్పుడు సగం బిళ్ళలు లెక్కలోకే రావు. అందుకని వస్తువు ‘బిళ్ళ’, పదార్థం ‘కాల్చిన మట్టి’, తయారీ ‘పెంకుని అరగదీసినది’ అని వేసి, వ్యాసం, మందం, బరువు రాయి. చిల్లు సరిగ్గా మధ్యలో ఉందా, పక్కకి జరిగిందా అన్నది తప్పకుండా చూడు, ఎందుకంటే జరిగితే కదురు సమంగా తిరగదు. కదురుబిళ్ళ అన్న మాట రిమార్క్స్‌లో, ప్రశ్నార్థకంతో.

కాలాన్నీ దేశాన్నీ పేరులో ఇరికించకు. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్వినప్పుడు, రూలెటెడ్ అనే గాట్ల పళ్ళేలు మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన సరుకనుకున్నారు, తర్వాత మట్టిని పరీక్షిస్తే మన దేశంలో చేసినవేనని తేలింది. ‘లోపల అడుగున వలయాలుగా సన్నటి గాట్లున్న పళ్ళెం’ అని రాసుకుంటే ఏ రోజూ దిద్దుకోవాల్సిన పని లేదు. పదార్థం విషయంలోనూ అంతే, అమరావతి శిల్పాలకి మార్బుల్స్ అన్న పేరు పడిపోయింది గానీ అవి పల్నాటి సున్నపురాయి.

వస్తువుల పేర్లకి బ్రిటన్ వాళ్ళ ఫిష్ (FISH) జాబితా, అమెరికాలోని గెట్టీ సంస్థ వాళ్ళ థిసారస్ (పదకోశం) ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి, చూడు. వాటిలో పెద్ద పదం కింద చిన్న పదాలుంటాయి, తేలనప్పుడు పెద్ద పదం దగ్గరే ఆగొచ్చు. కార్నీలియన్ (ఒక రకం ఎర్ర రాయి) అని గట్టిగా చెప్పలేకపోతే ‘ఎర్ర రాతి పూస’ చాలు, దానికి టెన్షన్ పడకు. అక్కడ లేని మన దుత్త, మూకుడు లాంటివి స్థానిక పేరు అని వేరే గడిలో పెట్టుకో.

మొదటి వారంలోనే మీ సైట్‌కి ఒక పేర్ల జాబితా తయారుచేసి ట్రెంచ్ సూపర్‌వైజర్లందరికీ ఇవ్వు, కొత్త పేరు కావాలంటే నిన్నడిగే చేర్చాలి. పాత ఎంట్రీ మార్చాల్సొస్తే మాత్రం వైట్‌నర్ పూయకు, చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన కొత్త పేరు, తేదీ, సంతకం.

మీ పెదనాన్న