భువనగిరిలో ఫ్రెండ్స్ ఉంటే శని, ఆదివారాల్లో కోట కాక ఇంకేం చూడొచ్చు?

భువనగిరిలో ఉన్న ఫ్రెండ్స్ దగ్గరికి వెళ్తున్నాం, కోట తప్ప చుట్టుపక్కల విశేషంగా ఇంకేమైనా ఉందా అని అడిగారు. ఉంది. నేనుండేది తార్నాకలో. నా ఇంజనీరింగ్ స్నేహితురాలు పెళ్లయ్యాక భువనగిరిలో స్థిరపడింది. ఏడాదికి రెండుసార్లయినా వెళ్తుంటాను.

శనివారం మొత్తం పోచంపల్లికే ఉంచుకోండి. చాలామంది షాపులో రెండు చీరలు కొనుక్కుని వచ్చేస్తారు. మీరు మాత్రం తెలిసినవాళ్ల మగ్గం ఇల్లు ఒకటి చూపించమని మీ ఫ్రెండ్‌ని అడగండి. మమ్మల్ని స్నేహితురాలి అత్తగారు అలాగే తీసుకెళ్లారు. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ, చట్రానికి బిగించిన దారాల మీద రబ్బరు ట్యూబు పట్టీలతో ముడులు వేస్తున్నారు. గుర్తు పెట్టిన చోట చుట్టడం, లాగడం, ముడి. ముడి ఉన్న చోటికి రంగు ఎక్కదు. అంటే నేయకముందే డిజైన్ దారంలో ఉంటుంది. మగ్గం మీద ప్రతి పోగూ తన చోటికి వచ్చి పడితేనే ఏనుగు ఏనుగులా, చిలుక చిలుకలా కనిపిస్తుంది. పోచంపల్లి చీరలో బొమ్మల అంచులు కాస్త చెదిరినట్టు ఉండేది అందుకే.

పక్కనే ఆసు మిషను ఉంది. ముడులు వేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పోయడమే ఆసు. చేత్తో అయితే ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి, ఎక్కువగా ఆడవాళ్లే పోసేవారు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు వైపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఈ యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మిషను గురించి అడిగితే ఆ పెద్దావిడ కుడి భుజం పట్టుకుని, "ఇది జర ముందొస్తే మంచిగుండు బిడ్డా" అన్నారు.

1951 ఏప్రిల్ 18న భూమిలేని పేదల కోసం వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చింది పోచంపల్లిలోనే. భూదానం మొదలైంది అక్కడే, వినోబా మందిరం కూడా చూసి రండి.

ఆదివారం పొద్దున్నే కోట. ఒకే బండరాయి, 500 అడుగులకు పైనే. ఎండ ముదరకముందే దిగిపోవాలి. ఒకసారి ఏప్రిల్‌లో పదకొండింటికి ఎక్కి, సగం దారిలో నాకు కళ్లు తిరిగాయి. మా ఫ్రెండ్ వాళ్లాయన మజ్జిగ సీసా తేబట్టి సరిపోయింది. వాన పడ్డ రోజు అసలు ఎక్కకండి, మెట్లు జారతాయి.

టైం మిగిలితే కొలనుపాక జైన మందిరంలో ఆకుపచ్చ రాతి మహావీరుణ్ణి చూడండి. ఆలేరు నుంచి దగ్గరే.

మగ్గం ఇంటికి ఉత్త చేతులతో వెళ్లకండి, ఏవైనా పండ్లు పట్టుకెళ్లండి. ఫోటో తీసేముందు అడగండి. కొనాలనిపిస్తే అక్కడే కొనండి. ఆ ముడులు చూశాక బేరం ఆడటానికి నాకైతే నోరు రాలేదు.