దవడ కీలు నొప్పికి లేజర్ ఆక్యుపంక్చర్

ప్రశ్న: నా వయసు 34. ఆరు నెలలుగా నమిలేటప్పుడు కుడి చెవి ముందు టక్కుమని చప్పుడై నొప్పి వస్తోంది. జొన్నరొట్టె తినలేకపోతున్నాను. సూదులు లేని లేజర్ ఆక్యుపంక్చర్‌తో తగ్గుతుందంటున్నారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీరు చెప్పిన చోటనే కింది దవడ పుర్రెతో కలిసే కీలు ఉంటుంది, దానిలోని మెత్తని పలక పక్కకు జరిగితే చప్పుడు వస్తుంది, నిద్రలో పళ్ళు కొరికే అలవాటు వల్ల కండరాలు బిగుసుకుంటే నొప్పి తోడవుతుంది. లేజర్ ఆక్యుపంక్చర్‌లో దవడ మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న బిందువుల వంటి చోట్ల, చర్మాన్ని కాల్చనంత తక్కువ శక్తి గల కాంతిని కొద్దిసేపు ప్రసరింపజేస్తారు. కొన్ని చిన్న అధ్యయనాలలో నొప్పి తగ్గినట్లు కనిపించింది. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. కాబట్టి దీనిని తోడు చికిత్సగా తీసుకోవచ్చునే గాని, జరిగిన పలకను ఇది యథాస్థానంలో పెడుతుందని ఎవరైనా మాట ఇస్తే దయచేసి నమ్మకండి. చికిత్స వేళ కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి; గర్భవతులైతే ముందే చెప్పాలి.

అంతకంటే ముందు నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో దంతవైద్యుని చేత కీలును పరీక్ష చేయించుకోండి. కొన్ని వారాలు రొట్టెను పప్పులో నానబెట్టి తినండి, వక్క మానండి, వేడి కాపడం పెట్టండి, ఆవులింతలో నోరు మరీ తెరవకండి. పళ్ళు కొరికే అలవాటుంటే రాత్రిపూట పెట్టుకునే తొడుగు ఉపకరిస్తుంది. నోరు పట్టుకుపోయినా, ముఖం వాచి జ్వరం వచ్చినా ఆలస్యం చేయవద్దు. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.