ఫ్లోరైడ్ పేస్టు వాడుతున్నా పళ్లు జివ్వుమనడానికి కారణం

ఉదయం నిమ్మరసం తాగిన వెంటనే ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటున్నా పళ్లు జివ్వుమంటున్నాయని రాశారు. లోపం పేస్టులో కాక, ఆ ‘వెంటనే’ అన్న మాటలోనే ఉన్నట్టుంది. నిమ్మరసంలోని ఆమ్లం వల్ల నోటిలో పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు, పంటిని కప్పి ఉండే గట్టి పొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలు కరిగి పైపొర మెత్తబడుతుంది కనుక, లాలాజలం దాన్ని తిరిగి గట్టిపరచక ముందే బ్రష్ తగిలితే ఆ పొర అరిగిపోతుంది.

1. నిమ్మరసానికి ముందే తోముకోండి. లేదా తాగాక మామూలు నీటితో పుక్కిలించి, కనీసం 30 నిమిషాలు, వీలైతే గంట ఆగండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: తోముకున్నాక నురగను ఉమ్మివేయాలి గాని నీటితో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే ఎనామిల్‌పై నిలిచి పనిచేయవలసిన ఫ్లోరైడ్ చాలావరకు కొట్టుకుపోతుంది. మొదట్లో నోరు జిగటగా ఉండి చిరాకు కలుగుతుంది, నిజమే. కొద్ది రోజుల్లో అలవాటవుతుంది.

3. పెద్దవారికి 1,350 నుంచి 1,500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, మెత్తని బ్రష్ చాలు. ఆమ్లం వల్ల కలిగే అరుగుదలకు స్టానస్ ఫ్లోరైడ్ (తగరంతో కూడిన ఫ్లోరైడ్) రకం కొంత మేలు.

మెత్తబడిన పొర గట్టిపడుతుంది గాని అరిగిపోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు కనుక, రెండు మూడు వారాల్లో తగ్గకపోతే దంతవైద్యుడికి చూపించండి.