టెక్ సందేహాలు: పాత ట్రాక్టరుకు ప్యాకింగ్ ముందు, పేస్టు తరువాత

చోడవరం నుంచి ఒక రైతు రాస్తున్నారు: మా నాన్నగారి కాలంనాటి మూడు సిలిండర్ల ట్రాక్టరుకు టైమింగ్ కవరు (ఇంజను ముందు గేర్లను మూసే మూత) దగ్గర ఆయిల్ కారుతోంది. అసలు ప్యాకింగ్ (గ్యాస్కెట్) దొరకడం లేదు. సిలికాన్ పేస్టు ఒక్కటే పూసి బిగించవచ్చా? పాత ప్యాకింగ్‌ను స్కాన్ చేసి కొత్తది కత్తిరించుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

మీ రెండో ప్రశ్నలోనే మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. కొత్త ప్యాకింగ్‌ను మీరే కత్తిరించుకోండి. పేస్టును దానికి తోడుగా మాత్రమే వాడండి. ప్యాకింగ్ ఆయిల్‌ను ఆపడమే కాదు, రెండు ఇనుప ముఖాల మధ్య ఎంత దూరం ఉండాలో కూడా నిర్ణయిస్తుంది. గేర్‌బాక్సులోనూ స్టీరింగ్ బాక్సులోనూ కొన్ని కవర్ల కింద ఉండే పలుచని కాగితాలు బేరింగు బిగువును సరిచేసే కొలత ముక్కలు (షిమ్‌లు). వాటిని తీసేసి పేస్టు పూస్తే కారడం ఆగినట్టే కనిపిస్తుంది గాని, బేరింగు బిగుసుకుపోయి వేడెక్కుతుంది. అందువల్ల పాత ప్యాకింగ్ ఎన్ని ముక్కలైనా సరే పారవేయకుండా, బోల్టు దగ్గర నొక్కుకుపోయిన చోట దాని మందం మైక్రోమీటరుతో కొలిచి రాసి పెట్టుకోండి.

నమూనా తీయడానికి ఫోన్ ఫోటో కంటే అద్దం మీద పెట్టి తీసే స్కానరు మేలు, ఎందుకంటే ఫోన్ కొంచెం వాలినా బొమ్మ ఒక పక్కకు సాగుతుంది. కవరును శుభ్రం చేసి, పక్కన ఒక ఉక్కు స్కేలు ఉంచి, అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో స్కాన్ చేస్తే ఒక్కో మిల్లీమీటరుకు దాదాపు 12 చుక్కలు వస్తాయి, ఈ పనికి అది చాలు. కవరు ఏ4 కంటే పెద్దదైతే రెండు భాగాలుగా, కొంత భాగం రెండింటిలోనూ పడేలా తీయండి. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఆ బొమ్మ మీద గీతలు గీసి, ప్రింటు తీసేటప్పుడు పేజీకి సరిపెట్టే సదుపాయాన్ని ఆపి, సరిగ్గా 100 శాతం పరిమాణంలో తీయాలి. కాగితం మీద 100 మిల్లీమీటర్ల గీత కూడా గీసి, ప్రింటు వచ్చాక స్కేలుతో కొలవండి. అది 98 వస్తే ఆ ప్రింటు పనికిరాదు. కవరుకు బదులు పాత ప్యాకింగ్‌నే స్కాన్ చేస్తే, అది ఆయిల్‌లో ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, కాబట్టి రంధ్రాల దూరాలను కవరు మీదనే వెర్నియరుతో కొలిచి సరిచేసుకోవాలి.

కంప్యూటరు లేనివారు ప్యాకింగ్ షీటును నేరుగా కవరు మీద పరచి, గుండ్రని తల ఉన్న చిన్న సుత్తితో అంచుల వెంట మెల్లగా తడితే అచ్చు పడుతుంది. ఆ అచ్చు వెంట కత్తెరతో కోయవచ్చు. అల్యూమినియం కవరు మీద అలా తట్టకూడదు, అంచులు దెబ్బతింటాయి. రంధ్రాలకు ఉక్కు పైపు ముక్క కొసను బయటి వైపు నుంచి ఏటవాలుగా సానపట్టి, షీటు కింద చెక్క దిమ్మ పెట్టి కొడితే శుభ్రంగా తెగుతాయి.

ఒక్క హెడ్ ప్యాకింగ్‌ను (సిలిండర్ల పైమూతకూ ఇంజను బ్లాకుకూ మధ్య ఉండేది) మాత్రం ఇంట్లో చేయకండి. సింప్సన్ సంస్థ చెన్నైలో పెర్కిన్స్ నమూనాపై చేసిన 2.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను వంటివి అయితే, దానికి తగిన హెడ్ ప్యాకింగ్‌ను కొనే వేయాలి. పాత ప్యాకింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. వాటిని పొడిగా గీకకుండా, గ్రైండరుకు తగిలించే వైరు బ్రష్షు వాడకుండా, నీటితో తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి.

అనకాపల్లి నుంచి మరొకరు: ఆర్‌టీవీ సిలికాన్, హోల్డ్‌టైట్, లక్క, వీటిలో ఏది ఎక్కడ వాడాలి?

సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. సముద్రపు తేమ ఉండే మన విశాఖ ప్రాంతంలో, ముఖ్యంగా వానాకాలంలో, పైపొర చాలా త్వరగా కడుతుంది. పొర కట్టాక మూసిన కవరు అతుక్కోదు. కాబట్టి బోల్టులన్నీ వరుసగా పెట్టుకుని, ముఖాలను థిన్నరుతో తుడిచి, సన్నని తీగలా గీసి వెంటనే మూయాలి. పుల్లని వెనిగరు వాసన వచ్చే రకం ఇత్తడిని, రాగిని తుప్పు పట్టిస్తుంది, వాసన లేని తటస్థ రకమే కొనండి. డీజిల్ తగిలే చోట సిలికాన్ వద్దు, అది ఉబ్బి విడిపోతుంది. డీజిల్ పైపు రాగి వాషర్లను ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడతాయి. రాగి ఉక్కులా నీళ్లలో ముంచితే గట్టిపడదు.

ఎక్కువ పూస్తే మంచిదనే నమ్మకం ఇంజన్లను చంపుతోంది. గత వానాకాలంలో సబ్బవరం దగ్గర ఒక షెడ్డులో ఆయిల్ చాంబరు విప్పినప్పుడు, జల్లెడ నిండా నీలి సిలికాన్ పోగులు చూశాను. లోపలి అంచు నుంచి ఊడిన పేస్టు ఆయిల్ పంపు దారి మూసేసింది. ఎండు బియ్యపు గింజంత మందం దాటకూడదని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను.

లక్క విషయానికి వస్తే, ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు తెచ్చే అదే లక్కను స్పిరిట్‌లో కరిగించి కాగితపు ప్యాకింగ్‌కు పలుచగా పూయడం పాత, నికరమైన పద్ధతి. ఆయిల్‌కూ డీజిల్‌కూ అది బాగా ఆగుతుంది. అయితే సుమారు 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది గనుక ఎగ్జాస్టు దగ్గర, హెడ్ దగ్గర వాడకండి. స్పిరిట్ మండుతుంది, పొయ్యి పక్కన కలపకూడదు. హోల్డ్‌టైట్ వంటి ముద్దలు కాగితపు ప్యాకింగ్‌కు సరిపోతాయి. చదునుగా యంత్రంతో కోసిన, ప్యాకింగ్ లేని ముఖాలకు గాలి అందకపోతే గట్టిపడే అనరోబిక్ రకం ఉత్తమం, కానీ అది పావు మిల్లీమీటరు కంటే ఎక్కువ సందును పూడ్చదు.

గాజువాక నుంచి ఒక విద్యార్థి: క్లచ్ కోసం ట్రాక్టరును రెండుగా విడదీస్తున్నాం. సొంతంగా ఏ పనిముట్లు చేసుకోవచ్చు?

మొదట ముందు ఇరుసుకూ ఇంజనుకూ మధ్య రెండు వైపులా ఏటవాలు చెక్క ముక్కలు (వెడ్జ్‌లు) బిగించండి, లేకపోతే విడదీయగానే ముందు భాగం పక్కకు ఒరుగుతుంది. జాకీ మీద మాత్రమే నిలిపి కింద చేతులు పెట్టవద్దు, ఇనుప స్టాండ్లు తప్పనిసరి. రెండు పొడవాటి బోల్టుల తలలు కోసి, కొసకు స్క్రూడ్రైవరు గాడి పెడితే, మళ్లీ కలిపేటప్పుడు దారి చూపే కమ్మీలవుతాయి. బ్రిటిష్ మూలాలున్న పాత బండ్లకు అంగుళాల థ్రెడ్డు ఉంటుంది, మిల్లీమీటరు బోల్టు ఎక్కించబోతే రంధ్రం చెడుతుంది. క్లచ్ ప్లేటును మధ్యకు తెచ్చే కడ్డీని గట్టి చెక్కతో ఆటోనగర్‌లోని ఏ లేత్‌పైనైనా చేయించుకోవచ్చు, వెళ్లేటప్పుడు పాత క్లచ్ ప్లేటును, ఫ్లైవీల్ మధ్య బేరింగు లోపలి కొలతను పట్టుకెళ్లండి.