కార్జంలో ఒక జలగ, పొట్టలో మరో జలగ: రెంటికీ ఒకే మందు చాలదు

ప్రశ్న: మాకు 60 గొర్రెలు, ఒక జత ఎడ్లు ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలయ్యాక గొర్రెలను కొయ్యకాళ్లలో మేపాం. నెల దాటాక పిల్లలు కొన్ని నీళ్లలా పారుతూ చిక్కిపోయాయి. రెండు చనిపోయాయి. పెద్ద గొర్రె ఒకదానికి దవడ కింద నీరు దిగింది. అది చనిపోయాక కోసి చూస్తే కార్జంలో ఆకుల్లాంటి పురుగులు, పెద్దపొట్టలో ఎర్రటి గింజల్లాంటివి కనిపించాయి. ఆల్బెండజోల్ తాగించినా పిల్లల పారుడు ఆగలేదు. ఎద్దు ఒకటి కొంతకాలంగా గురక పెడుతోంది. ఇవన్నీ జలగ రోగమేనా సార్? అన్నిటికీ పనిచేసే ఒక మందు చెప్పండి.
– ఒక రైతు, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: అన్నిటికీ పనిచేసే ఒక మందు లేదు. మీ గొర్రెల్లో రెండు రకాల జలగలున్నాయి. ఎద్దుకున్నది మూడో రకం కావచ్చు. మూడూ చదునుపురుగుల వర్గానివే, మూడూ నీటి నత్తలో కొంతకాలం పెరగందే పశువును చేరలేవు. ఆ పైన వేటి దారి వాటిదే. శాస్త్రవేత్తలు పురుగు ఆకారాన్నీ లోపలి అవయవాలనూ చూసి కుటుంబాలుగా విడదీస్తారు. మీరు మాత్రం మూడు సంగతులు చూసుకోండి: ఒంట్లో ఎక్కడ ఉంటుంది, ఏ దారిన లోపలికి వస్తుంది, ఏ వయసులో దెబ్బ తీస్తుంది.

కార్జంలో మీరు చూసినవి కార్జపు జలగలు. మన మైదానాల్లో ఎక్కువగా కనిపించేది ఫాసియోలా జైగాంటికా. దీన్ని 1855లో కాబోల్డ్ అనే శాస్త్రవేత్త మొదట వర్ణించింది జిరాఫీలో దొరికిన పురుగులను చూసి! పొడవు రెండున్నర నుంచి ఏడున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దీనికి దగ్గరి చుట్టమైన ఫాసియోలా హెపాటికా పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉంటుంది. అది హిమాలయాల వంటి చల్లటి చోట్లది కాబట్టి దాని గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. గడ్డితో లోపలికి వెళ్లిన పిల్ల జలగ పేగు గోడను తొలుచుకుని కార్జంలో దూరి, వారాల తరబడి దాన్ని తొలుస్తూ తిరుగుతుంది. ఆ తర్వాతే పసరు గొట్టాల్లో స్థిరపడుతుంది. గుడ్లు పెట్టడానికి మొత్తం మూడు, నాలుగు నెలలు పడుతుంది. అంటే మీ పెద్ద గొర్రెలో అంత ముదిరిన జలగలు ఈ కోతల తర్వాత పట్టినవి కావు. చెరువు ఎండి, మిగిలిన గుంటల చుట్టూ మేసినప్పుడు ఎక్కి ఉండొచ్చు.

పిల్లల సంగతి వేరు. పెద్దపొట్టలో ఎర్రగా అంటుకున్నవి పొట్ట జలగలు, అంటే యాంఫిస్టోములు. సుమారు సెంటీమీటరు పొడవు, కండగల శరీరం, వెనక కొసన పట్టుకునే బలమైన బిళ్ల ఉంటాయి. గ్యాస్ట్రోథైలాక్స్, కోటైలోఫోరాన్, ఫిషోడీరియస్ అంటూ వీటిలో చాలా రకాలున్నాయి. వాటిని మైక్రోస్కోపు కింద తేల్చే పని మాది, మీ చేతిలోని మందు దానివల్ల మారదు. ఒక్క మెలిక చెప్పాలి: ఈ వర్గంలోనే జైగాంటోకోటైల్ అనేది గేదెల పసరు గొట్టాల్లో ఉంటుంది. కాబట్టి కార్జంలో కనిపించిన ప్రతిదీ ఫాసియోలా అనుకోకూడదు.

పెద్దపొట్టలో స్థిరపడిన ముదురు జలగలు పెద్దగా హాని చేయవు. ప్రాణాల మీదికి తెచ్చేది వాటి పిల్లలు. గడ్డితో వెళ్లిన పిల్ల జలగలు ముందు చిన్నపేగు మొదటి భాగంలో దిగబడి, అక్కడ పొరను కొరుకుతూ కొన్ని వారాలు పెరిగి, తర్వాత పొట్టకు ఎక్కుతాయి. మీ గొర్రెపిల్లలు నెల దాటాక పారడం దీనికి సరిగ్గా సరిపోతోంది. ఈ దశలో జలగలు గుడ్లు పెట్టవు గనుక పెంటికల పరీక్షలో ఏమీ లేదని వస్తుంది. ఆ రిపోర్టు చూసి ధీమా పడొద్దు. పారుడును నీళ్లలో కలిపి సన్నటి గుడ్డలో వడగట్టి చూడండి, గులాబీ రంగు చిన్న పురుగులు కనబడవచ్చు.

ఇక మందులు. జలగల్లో ఆల్బెండజోల్ ముదిరిన కార్జపు జలగలపై మాత్రమే పనిచేస్తుంది, పొట్ట జలగల మీద దాన్ని నమ్ముకోలేం. ట్రైక్లాబెండజోల్ కార్జపు జలగలను లేతవాటితో సహా చంపుతుంది, కానీ పొట్ట జలగలపై పనిచేయదు. మీ మందకు ఇప్పుడు కావాల్సింది ఆక్సీక్లోజనైడ్: కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, అంటే 25 కిలోల గొర్రెకు 375 మిల్లీగ్రాములు. పారుతున్న పిల్లలకు మూడు రోజుల తర్వాత మరోసారి పట్టించాలి. నీరసించిన వాటికి ముందుగా సెలైన్ కావాలి, డాక్టరును పిలవండి. కొయ్యకాళ్లలో ఎక్కిన లేత కార్జపు జలగలు ఆక్సీక్లోజనైడ్‌కు చావవు. వాటి కోసం ట్రైక్లాబెండజోల్ కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన విడిగా ఇప్పించండి. క్లోసాంటెల్ వాడమని ఎవరైనా చెబితే బరువు తూచకుండా పట్టించొద్దు. మోతాదు మించితే గొర్రెలు, మేకలు గుడ్డివవుతాయి.

ఎద్దు గురకకు ఈ తాగుడు మందులేవీ పనిచేయవు. అది షిస్టోసోమా నేసేల్ అనే మూడో రకం జలగ అయితే ముక్కులోని రక్తనాళాల్లో ఉంటుంది. 1933లో దానికి ఆ పేరు పెట్టింది మన దేశపు శాస్త్రవేత్త రావు. మిగతా రెంటిలా గడ్డితో రాదు. పశువు చెరువులో నిలబడినప్పుడు నత్తలోంచి వచ్చిన పిల్ల జలగ చర్మం గుండానే దూరుతుంది. ముక్కులో కండ పెరిగి గాలి ఆడక గురక వస్తుంది. గేదెల్లో ఉన్నా అంతగా బయటపడదు. దీనికి ఇంజెక్షన్లే, అవీ డాక్టరు చేతి మీదుగానే.

నత్తలు చావాలని చెరువులో మైలుతుత్తం చల్లే పని మాత్రం పెట్టుకోవద్దు. చేపలు పోతాయి, పైగా గొర్రెలు అందులోని రాగిని అసలు తట్టుకోలేవు. బాతులను వదిలితే నత్తలను తింటాయి. గొర్రెలను తడి మళ్లలో, చెరువు అంచుల్లో మేపకండి, నీళ్లు తొట్టిలో పెట్టండి. వరి గడ్డి బాగా ఎండాకే వేయండి. పిల్ల జలగలు ఎక్కువగా అంటుకునేది నీళ్లలో నానిన మొదలు భాగానికే.

పరీక్షకు పంపేటప్పుడు పెద్ద గొర్రెల పెంటికలను తాజాగా, విడి డబ్బాలో వేసి, జలగ గుడ్ల కోసం అని చీటీ మీద రాయండి. ఇవి బరువైన గుడ్లు, మామూలు తేలగొట్టే పద్ధతిలో దొరకవు, అడుగుకు దించి చూడాలి. ఎద్దుకైతే పేడ కాదు, ముక్కు చీమిడి పంపండి.